విదేశీ పెట్టెలు – స్వదేశీ నడుములు

అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన తల్లిదండ్రులు, కువైట్‌లో రెండేళ్లు పనిచేసి సెలవు మీద వచ్చిన అక్క, దుబాయ్ నుంచి చెల్లెలి పెళ్లికి వచ్చిన తమ్ముడు – వీళ్లు ఇల్లు చేరిన రోజు ఆ ఇంట్లో పండగే. పెట్టెలు తెరుస్తారు. దుప్పట్లు, ఖర్జూరాలు, పాలపొడి డబ్బాలు, బాదం పప్పులు, విటమిన్ సీసాలు, నొప్పుల తైలాలు బయటికి వస్తాయి. చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ పంపకాలు జరుగుతాయి.

రెండోనాడో మూడోనాడో ఆ పెట్టెలు మోసుకొచ్చిన మనిషి నడుం పట్టుకుని ఆసుపత్రికి వస్తారు. "నడుం కలుక్కుమంది డాక్టరు బాబూ, వంగలేకపోతున్నాను, లేవలేకపోతున్నాను" అంటారు. మా బలిఘట్టం, నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్లనుంచి ఇలా వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాను.

"అంత దూరం ప్రయాణం చేశారు కదా, విమానంలో కూర్చుని కూర్చుని పట్టేసింది" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. అది సగం నిజం. మిగతా సగం తెలిస్తే ఈ బాధ చాలావరకు తప్పించుకోవచ్చు.

దెబ్బ తగిలేది ఎక్కడ?

విమానం పెట్టెను వేల మైళ్లు మోస్తుంది. విమానాశ్రయంలో తోపుడు బండి ఉంటుంది. పెట్టెకు చక్రాలూ ఉంటాయి. కాబట్టి ప్రయాణంలో నూటికి తొంభై వంతులు బరువు మన మీద పడదు. పడేది మధ్యమధ్య కొద్ది క్షణాలు మాత్రమే. అవి ఏమిటో లెక్కపెట్టి చూడండి.

తిరిగే బెల్టు మీద నుంచి పెట్టెను లాగి బండి మీద పెట్టడం ఒకటి. బండి మీది పెట్టెను కారు డిక్కీలోకో, పైనున్న క్యారియరు మీదికో ఎత్తడం రెండు. రైలు ఎక్కించడం మూడు. దించడం నాలుగు. ఆటోలో కాళ్ల సందున ఇరికించడం అయిదు. ఇంటి మెట్లు ఎక్కించడం ఆరు. అన్నీ అయ్యాక ఖాళీ పెట్టెలో పాతబట్టలు నింపి అటక మీదికి తోయడం ఏడు.

మా ప్రాంతం వాళ్లకు ఈ చివరి మజిలీ మరీ కష్టం. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో విమానం దిగుతారు. నర్సీపట్నం రోడ్ అని పేరున్న స్టేషను ఉన్నా అది మా ఊళ్లో లేదు. అనకాపల్లిలోనో తునిలోనో రైలు దిగి రోడ్డు పట్టాలి. అక్కడ చాలా రైళ్లు ఆగేది ఒకటి రెండు నిమిషాలే. ఆ తొందరలో, నిద్రలేని కళ్లతో, పెట్టె మీద పెట్టె కిందికి దించుతారు. సముద్రం ఈదినవాడికి పిల్లకాలువ ఒక లెక్కా అంటారు. నడుము విషయంలో మాత్రం సముద్రం దాటినవాళ్లు పిల్లకాలువలోనే పడుతున్నారు.

నడుము లోపల జరిగే సంగతి

మన వెన్నెముకలో పూసకూ పూసకూ మధ్య మెత్తని బిళ్లలు ఉంటాయి. వీటినే డిస్కులు అంటాం. బిళ్ల చుట్టూ గట్టి పీచు, నడుమ జిగురులాంటి పదార్థం. నడుము కింది భాగంలో ఉన్న చివరి రెండు డిస్కుల మీదే ఎక్కువ భారం పడుతుంది. నూటికి తొంభైకి పైగా డిస్కు జారడాలు అక్కడే.

వంగి బరువు ఎత్తినప్పుడు వెన్నెముక తక్కెడ కోలలా పనిచేస్తుంది. వెనక వైపు కండరాలు పూసల కేంద్రానికి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో లాగుతాయి. ముందు వైపు చేతుల్లోని పెట్టె 50 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. దూరం పది రెట్లు కాబట్టి 20 కిలోల పెట్టెను ఆపడానికి కండరాలు సుమారు 200 కిలోల బలంతో లాగాలి. వంగిన ఒంటి బరువు దీనికి అదనం.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. స్వీడన్ దేశపు ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలోనే బతికి ఉన్న మనుషుల డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిచాడు. 1999లో జర్మనీలోని ఉల్మ్ నగరంలో పరిశోధకులు మరింత మెరుగైన పరికరంతో ఒక ఆరోగ్యవంతుడి డిస్కులో ఒత్తిడి కొలిచారు. నిలబడినప్పుడు ఉన్న ఒత్తిడి కంటే, 20 కిలోల బరువును వీపు వంచి ఎత్తినప్పుడు అది నాలుగున్నర రెట్లు అయింది. అదే బరువును ఒంటికి ఆనించి పట్టుకుంటే సుమారు రెండు రెట్లే! బరువు మారలేదు, మనిషి మారలేదు. మారింది పట్టుకున్న పద్ధతి ఒక్కటే.

దీనికి విమాన ప్రయాణం తోడవుతుంది. గంటల తరబడి నడుము వంచుకుని కూర్చుంటే వెన్నెముకను పట్టి ఉంచే బంధనాలు కొంత సాగుతాయి. కండరాలు బిగుసుకుపోతాయి. అవి మళ్లీ కుదుటపడాలంటే కొంతసేపు నడవాలి. మనం చేసేదేమిటి? సీటులోంచి లేచి, వరుసలో నిలబడి, తిన్నగా బెల్టు దగ్గరికి వెళ్లి, పక్కకు తిరిగి ఒక్క ఊపున పెట్టెను లాగుతాం. వంగడం, మెలి తిరగడం, బరువెత్తడం – ఈ మూడూ కలిసి ఒకేసారి జరగడం డిస్కుకు అన్నిటికంటే చెడు.

23 కిలోల మర్మం

చాలా విమాన కంపెనీలు మామూలు తరగతిలో ఒక్కో పెట్టెకు 23 కిలోలు అనుమతిస్తాయి. 32 కిలోలు దాటిన పెట్టెను అదనపు డబ్బు కట్టినా సాధారణంగా తీసుకోవు. ఆ హద్దు పెట్టింది విమానం మోయలేక కాదు, పెట్టెలు ఎత్తే కార్మికుల నడుములు కాపాడటానికి.

అమెరికా ప్రభుత్వానికి కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ ఒకటి ఉంది. నయోష్ అంటారు. బరువులెత్తే పనికి అది 1991లో సవరించిన లెక్కలోనూ గరిష్ఠ బరువు 23 కిలోలే! అయితే అది అన్నీ అనుకూలంగా ఉన్నప్పటి మాట. బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి. నేల మీద కాక, చేతులు కిందికి వేలాడే ఎత్తులో ఉండాలి. మెలి తిరగకూడదు. పట్టు బాగుండాలి. బరువు ఒంటికి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ హద్దు సగానికి, అంటే పదకొండున్నర కిలోలకు పడిపోతుంది. నేల మీదనుంచి ఎత్తితే, మెలి తిరిగితే ఇంకా తగ్గుతుంది.

పైగా ఆ లెక్క ఆరోగ్యంగా ఉండి పనిచేసే వయసువాళ్ల కోసం వేసింది. అరవై దాటిన తల్లికి, చలికాలమంతా అమెరికాలో గడప దాటకుండా కూర్చుని కండ తగ్గిన తండ్రికి ఆ లెక్క వర్తించదు. కాబట్టి "కంపెనీవాళ్లు 23 ఒప్పుకున్నారు కదా" అని మీ నడుము కూడా ఒప్పుకుందనుకోకండి. కౌంటరు దగ్గర తూకం వేసేది పెట్టెను. మనిషి తూకం మనమే వేసుకోవాలి.

సర్దేటప్పుడే జాగ్రత్త

ఎత్తే పద్ధతి గురించి ఎన్ని చెప్పినా తొందరలో గుర్తుండవు. అందుకని పెట్టె సర్దేటప్పుడే కొన్ని పనులు చేసుకోవాలి.

1. ఖాళీ పెట్టె బరువే నాలుగైదు కిలోలు ఉంటుంది. తేలికపాటి పెట్టె ఎంచుకోండి. పక్కన కూడా పట్టుకునే పిడి ఉండాలి. ఇద్దరు పట్టుకోవడానికి అది అవసరం.

2. బరువైన వస్తువులను చక్రాల వైపు, అడుగున సర్దండి. పెట్టెను నిలబెట్టి లాగేటప్పుడు బరువంతా చక్రాల మీదికి పోతుంది.

3. రెండు మడత సంచులు పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టుకోండి. ఇది ముఖ్యం. విమానం దిగాక మీకు కంపెనీవాళ్ల లెక్కతో పనిలేదు. రైలో బస్సో ఎక్కేముందు పెట్టెలోంచి సగం సామాను సంచుల్లోకి మార్చండి. 23 కిలోల పెట్టె ఒకటికి బదులు పన్నెండేసి కిలోలవి రెండు అవుతాయి. పది నిమిషాల పని. మన పెద్దలు కావడి కట్టింది ఇందుకే. ఒక పక్క మోస్తే విరిగే నడుము, రెండు పక్కలా సమంగా పంచితే మోస్తుంది.

4. గల్ఫ్ దేశాలనుంచి వచ్చేవాళ్లకు ఓడ కార్గో సదుపాయం ఉంది. దుప్పట్లు, వంటపాత్రలు అందులో వేయండి. కొన్ని వారాలు ఆలస్యంగా చేరితే మునిగిపోయేదేం లేదు.

5. బి.పి., షుగరు, గుండె మందులు, ఇన్సులిన్, డాక్టరు చీటీ ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో పెడితే అది దారి తప్పినరోజున మందులూ తప్పిపోతాయి. సామాను గదిలో చలికి ఇన్సులిన్ గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ పనికిరాదు.

6. దించుకోవడానికి వచ్చే కొడుకునో అల్లుణ్నో కారు దగ్గర కాక రైలు పెట్టె దగ్గరికే రమ్మనండి. ఎవరూ లేకపోతే కూలీని పిలవండి. నడుము పట్టేశాక స్కానింగుకయ్యే ఖర్చు ముందు కూలి డబ్బు ఒక లెక్కలోది కాదు.

ఎత్తే పద్ధతి

విమానం దిగగానే బెల్టు దగ్గర నిలబడిపోకండి. పెట్టెలు వచ్చేలోగా అయిదు పది నిమిషాలు అటూ ఇటూ నడవండి. నడుము మీద చేతులు పెట్టి నాలుగైదుసార్లు మెల్లగా వెనక్కి వంగండి.

పెట్టె దగ్గరికి వచ్చాక ముందు దాన్ని మీ వైపు లాక్కోండి, ఆ తర్వాతే ఎత్తండి. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి, పెట్టెను ఒంటికి ఆనించి లేవండి. తిరగాల్సి వస్తే నడుము తిప్పకండి, పాదాలు కదిపి మొత్తం మనిషి తిరగండి. ఊపిరి బిగబట్టకండి. బిగబట్టి బలం చేస్తే బి.పి. ఒక్కసారిగా పైకి పోతుంది. లేచేటప్పుడు ఊపిరి వదలండి. మీ పెట్టె దాటిపోతే పరుగెత్తి గుంజకండి. బెల్టు గుండ్రంగానే తిరుగుతుంది, పెట్టె మళ్లీ మీ దగ్గరికే వస్తుంది!

తల మీద మూట పెట్టుకుని నిటారుగా నడిచే స్టేషను కూలీని చూడండి. బరువు వెన్నెముకకు సరిగ్గా పైన ఉంటుంది కనుక అతని నడుముకు తక్కెడ కోల బాధ లేదు. అలవాటు లేని మనం నెత్తిన పెట్టుకుంటే మెడ పట్టేస్తుంది కాబట్టి ఆ పని వద్దు. అందులోని నీతి మాత్రం తీసుకుందాం. బరువు ఎంత దగ్గరగా ఉంటే అంత తేలిక.

కాళ్లు పిసకకండి

ఇంటికి రాగానే "కాళ్లు దిమ్మెక్కాయి, కాస్త నూనె రాసి పిసకవే" అనడం మన ఇళ్లలో మామూలు. సుదీర్ఘ ప్రయాణం తర్వాత రెండు పాదాలూ సమంగా వాస్తే భయం లేదు. కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే దాన్ని ముట్టుకోకండి. కదలకుండా కూర్చోవడం వల్ల పిక్కలోని లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. పిసికితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణిస్తే ఈ ప్రమాదం సుమారు రెట్టింపు అవుతుంది. విమానంలోనే కాదు, బస్సు, రైలు, కారు ప్రయాణాల్లోనూ ఇంతే. ఆరోగ్యవంతుల్లో ఇది ఆరువేలమందిలో ఒకరికి వచ్చేదే కనుక కంగారు పడనక్కరలేదు. ఊబకాయులు, గర్భిణులు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు, క్యాన్సరు ఉన్నవాళ్లు, ఇటీవల ఆపరేషను అయినవాళ్లు, ఇదివరకే గడ్డకట్టినవాళ్లు ముందుగా డాక్టరును కలిసి బయలుదేరాలి.

విమానంలో గంటకోసారి మడమలు పైకీ కిందికీ ఆడించండి. లేచి నాలుగడుగులు వేయండి. మంచినీళ్లు తాగండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ సొంతంగా మింగకండి.

నడుము పట్టేస్తే

మొదటిరోజు వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. చల్లటి కాపడమో వేడి కాపడమో, మీకు ఏది హాయిగా ఉంటే అది పెట్టుకోవచ్చు. కాలేయ జబ్బు లేనివారు పారాసెటమాల్ వాడవచ్చు. మందుల షాపులో అడిగి ఘాటైన నొప్పి మాత్రలు కొనకండి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గుండెజబ్బు, బి.పి. ఉన్నవారికి అవి ముప్పు తెస్తాయి. నడుము తొక్కించడం, విరిపించడం అసలు వద్దు.

మూడు వారాలు మంచం దిగకూడదన్న పాత సలహా ఇప్పుడు చెల్లదు. 1995లో ఫిన్లాండులో జరిగిన అధ్యయనంలో మంచం పట్టినవాళ్ల కంటే, నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు మామూలు పనులు చేసుకున్నవాళ్లే త్వరగా కోలుకున్నారు. ఒకటి రెండు రోజులు చాలు, ఆ తర్వాత మెల్లగా నడవండి. నూటికి ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. అందరికీ స్కానింగు అవసరం లేదు.

ఈ కింది లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి, అవసరమైతే 108కి ఫోన్ చేయాలి:

– మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం. మలవిసర్జన మీద అదుపు తప్పడం.
– తొడల మధ్య, ఆసనం చుట్టూ స్పర్శ తెలియకపోవడం.
– కాలు, పాదం బలం తగ్గి ఈడ్చుకుపోవడం.
– ఛాతీలో నొప్పి, హఠాత్తుగా ఆయాసం, దగ్గితే రక్తం. ప్రయాణం అయిన కొన్ని వారాల తర్వాత వచ్చినా సరే, "నేను విమానంలో వచ్చాను" అని డాక్టరుకు తప్పక చెప్పండి.

యాభై అయిదు దాటిన స్త్రీకి చిన్న బరువు ఎత్తగానే వీపులో పొడిచినట్టు నొప్పి వచ్చి తగ్గకపోతే ఎముకలు గుల్లబారి పూస కుంగి ఉండవచ్చు. ఎక్స్‌రే తీయించాలి. దాన్ని గ్యాసనీ వాతమనీ వదిలేయకండి.

ఏది మోయాలి, ఏది వదలాలి

సముద్రం దాటి వెళ్లడం ఉత్తరాంధ్రకు కొత్త కాదు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో ఓడలెక్కి మనవాళ్లు రంగం వెళ్లేవారు. అప్పటి బర్మా రాజధాని రంగూన్‌ను మన పల్లెల్లో అలాగే పిలిచేవారు. 1942 మార్చిలో జపాను సైన్యం చేతికి రంగూన్ చిక్కింది. వేలాదిమంది కొండలూ అడవులూ దాటుకుని కాలినడకన స్వదేశం చేరారు. మోయలేని సామాను దారిలోనే వదిలేశారు. ప్రాణంతో ఇల్లు చేరడమే వాళ్లకు దక్కిన సంపాదన.

ఇప్పుడు అంత కష్టం ఎవరికీ లేదు. అయినా పెట్టెలో ఏం పెట్టాలి అనుకునేటప్పుడు వాళ్లను ఒక్కసారి తలుచుకుంటే మంచిది. ఈవేళ బాదం పప్పూ పాలపొడీ విటమిన్ మాత్రలూ నర్సీపట్నం బజారులోనే దొరుకుతున్నాయి. గల్ఫ్‌లో ఇళ్లల్లో, కట్టడాల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ నడుమే పెట్టుబడి. అది విరిగితే సెలవు మంచం మీదే గడిచిపోతుంది, తిరిగి వెళ్లే ఉద్యోగానికే ఎసరు వస్తుంది. చుట్టాల్లో ఒకరికి దుప్పటి తక్కువైతే నిష్ఠూరం నాలుగురోజులే ఉంటుంది. ఆ నిష్ఠూరం పడవచ్చు.

పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అత్తగారు, మామగారు వచ్చే నెలలో అమెరికా నుంచి వస్తున్నారు. సామాను మోయడానికి నడుముకు బెల్టు కొని పంపమంటున్నారు. మంచిదేనా? – ఒక పాఠకురాలు, అనకాపల్లి.

జవాబు: ఆరోగ్యవంతులకు బెల్టు నడుముదెబ్బను ఆపుతుందనడానికి తగిన ఆధారాలు లేవని నయోష్ సంస్థ 1994లోనే తేల్చింది. బెల్టు ఉందన్న ధైర్యంతో మరింత బరువు ఎత్తే ప్రమాదమే ఎక్కువ. ఆ డబ్బుతో చక్రాల కుర్చీ సాయానికి చెప్పేపని కూడా లేదు. టిక్కెట్టు కొనేటప్పుడే అడిగితే చాలా కంపెనీలు వృద్ధులకు దాన్ని ఉచితంగానే ఇస్తాయి. సామాను దగ్గర సాయానికి ఒక మనిషి కూడా ఉంటాడు.

ప్రశ్న: నాకు ఏడాది కిందట గుండెకు స్టెంటు వేశారు. నడిస్తే బాధ లేదు. మస్కట్ నుంచి వచ్చేటప్పుడు నా పెట్టె నేను ఎత్తుకోవచ్చా? – ఒక పాఠకుడు, తుని.

జవాబు: చక్రాల మీద లాక్కుని నడవడం వేరు, ఊపిరి బిగబట్టి ఎత్తడం వేరు. నడకకు ఆయాసం రాని గుండె కూడా హఠాత్తుగా పెద్ద బరువు ఎత్తితే ఇబ్బంది పడవచ్చు. బయలుదేరేముందు మీ గుండె డాక్టరుకు చూపించుకోండి. ఎంత బరువు ఎత్తవచ్చో ఆయన్నే అడగండి. అంతకుమించిన పెట్టె తేకండి. మందులు ఒక్కపూట కూడా మానకండి. నాలిక కింద పెట్టుకునే మాత్ర రాసి ఇచ్చి ఉంటే దాన్ని చొక్కా జేబులో ఉంచుకోండి, పెట్టెలో కాదు.